పన్నెండు లోపు

మా కంపెనీకి సొంత కంప్యూటర్ భాష ఉందని చెబితే హాస్టల్లో ఎవరూ నమ్మేవారు కాదు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో, ఉద్యోగాలు చేసే ఆడపిల్లల హాస్టల్ అది. నా గదిలో ఉండే ఇద్దరూ రెండు వేల సంవత్సరం సమస్య మీద పనిచేసేవారు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసేశారు కాబట్టి శతాబ్దం మారగానే లెక్కలన్నీ తారుమారవుతాయని, వాటిని ముందే సరిచేయాలని అప్పట్లో ఊరంతా ఒకటే హడావుడి. ఎవరిని కదిపినా అదే మాట, అదే కోచింగ్.

"గంత చదువు చదివి రక్తం రిపోర్టులు రాసుడేందే నువ్వు" అనేది వరంగల్ నుంచి వచ్చిన నా గది స్నేహితురాలు.

నాది నల్గొండ జిల్లా. "రిపోర్టులు రాసుడు కాదే, రిపోర్టులు రాసే భాషను చూసుకునుడు" అనేదాన్ని. ఆమె నవ్వి దుప్పటి కప్పుకునేది.

ఆ భాషను తయారుచేసింది మా సార్. కృష్ణా జిల్లా మనిషి, అప్పటికే యాభైకి దగ్గరపడుతున్నారు. ప్రభుత్వ సంస్థలో కంప్యూటర్ల మీద చాలాకాలం పనిచేసి, అది వదిలేసి, మాదాపూర్‌లో ఒక ఇంటి పై అంతస్తు కిరాయికి తీసుకుని కంపెనీ పెట్టారు. ఆస్పత్రులకూ రక్తపరీక్షల లాబులకూ కావలసిన ప్రోగ్రాములు రాయడం మా పని. డాక్టర్లు తమ ప్రోగ్రాముని తామే చదివి అర్థం చేసుకోగలగాలన్నది ఆయన పట్టుదల. అందుకే మార్కెట్లో దొరికే భాషలు వద్దనుకుని చిన్న భాషను సొంతంగా కట్టుకున్నారు.

మా కిటికీలోంచి చూస్తే బండరాళ్ళు, వాటి వెనక కొత్తగా లేచిన గుండ్రటి భవనం కనిపించేవి. రాళ్ళు పేల్చే ముందు కింద ఎవరో ఈల వేసేవారు. ఈల వినగానే మేమంతా చేతిలో పని ఫ్లాపీలోకి ఎక్కించుకునేవాళ్ళం, ఎందుకంటే పేలుడుకి ఒక్కోసారి కరెంటు కూడా పోయేది. దుమ్ము కీబోర్డుల సందుల్లో చేరి మీటలు కరకరలాడేవి. అయినా నాకు ఆ ఆఫీసంటే ఇష్టంగా ఉండేది. సార్ భాషలో రాసిన ప్రోగ్రాం చదువుతుంటే ఎవరో పక్కన కూర్చుని నెమ్మదిగా విషయం చెబుతున్నట్టుండేది.

ఆ భాషలో నాకు బాగా నచ్చింది రెండు చుక్కలు. 1..10 అని రాస్తే ఒకటి నుంచి పది వరకు అని అర్థం. ఒకటీ లెక్కలోకి వస్తుంది, పదీ వస్తుంది. పేజీలు అచ్చువేయాలన్నా, వయసుల్ని గుంపులుగా విడదీయాలన్నా, రక్తంలో ఏది ఎంతుందో చూసి మాట రాయాలన్నా ఆ రెండు చుక్కలే. హిమోగ్లోబిన్ 10..12 ఉంటే "కొంచెం తక్కువ", 12..15 ఉంటే "సరిపోయింది". చదివితే ఎవరికైనా అర్థమవుతుంది. డాక్టర్లకూ అర్థమైంది. అందుకే మొదటి ఫిర్యాదు కూడా ఒక డాక్టరు నుంచే వచ్చింది.

ఆవిడ కూకట్‌పల్లి మెయిన్ రోడ్డు మీద సొంతంగా లాబు నడిపేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నవ్వుతూనే చీవాట్లు పెట్టగల మనిషి. ఫోన్ నేనే ఎత్తాను.

"ఏమ్మా, మీ కంప్యూటరు ఒకే ఆవిడకి రక్తం తక్కువంటుంది, దాని కిందే సరిపోయిందంటుంది. ఏ మాట నమ్మమంటారు మమ్మల్ని?"

చూస్తే, ఆ మనిషికి హిమోగ్లోబిన్ సరిగ్గా పన్నెండు. పన్నెండు మొదటి గుంపులోనూ ఉంది, రెండో గుంపులోనూ ఉంది. రెండు మాటలూ అచ్చయ్యాయి. సార్‌తో చెబితే ఆయన పెన్సిల్ తీసి 10..12 ని 10..11.9 అని దిద్దారు. యంత్రం చుక్క తర్వాత ఒక్క అంకే ఇస్తుంది కాబట్టి ఆ దిద్దుబాటుతో చిక్కు తీరిపోయింది. అందరం మర్చిపోయాం.

లాబులోకి కొత్త యంత్రం వచ్చాక మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి డాక్టరుగారి గొంతులో నవ్వు లేదు. "ఎవరైనా ఒకసారి రండి" అని పెట్టేశారు. కూకట్‌పల్లిలో ఉండేది నేనే కాబట్టి సార్ నన్ను పంపారు.

నేను వెళ్ళేసరికి లాబు బెంచీ మీద భార్యాభర్తలిద్దరు కూర్చుని ఉన్నారు. పాలమూరు నుంచి వచ్చి మాదాపూర్‌లో లేస్తున్న భవనాల దగ్గర పనిచేస్తున్నవాళ్ళు. ఆమెకు పాతికేళ్ళుంటాయేమో. చేతిలో రిపోర్టు కాగితం. అన్ని పరీక్షల పక్కనా ఏదో ఒక మాట ఉంది. హిమోగ్లోబిన్ పక్కన మాత్రం ఖాళీ.

నన్ను చూసి ఏదో పెద్ద ఉద్యోగిని అనుకుందేమో, ఆమె లేచి నిలబడింది. "అమ్మా, అన్నిటికి రాసిన్రు, దీనికే రాయలే. గిట్ల ఖాళీగ ఇడిసిన్రంటే ఏదో పెద్ద రోగమే ఉన్నట్టు. నాకు చెప్తె భయపడతనని చెప్తలేరు."

భర్త ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. "జర ఆగు, చెప్తరు. పరేషాన్ గాకు" అన్నాడు గానీ, అతని ముఖంలో ఆమెకన్నా ఎక్కువ భయం ఉంది.

కాగితం చూశాను. ఆమె హిమోగ్లోబిన్ 11.95. కొత్త యంత్రం రెండుసార్లు కొలిచి సగటు ఇస్తుందట, అందుకే చుక్క తర్వాత రెండంకెలు. మా ప్రోగ్రాములో ఒక గుంపు 11.9 దగ్గర అయిపోయింది. తర్వాతి గుంపు పన్నెండు దగ్గర మొదలైంది. మధ్యలో సన్నటి సందు. ఈమె ఆ సందులో పడిపోయింది.

"మీకేం రోగం లేదమ్మా. రక్తం కొంచెం తక్కువున్నది, అంతే. మా కంప్యూటరుకే మాట రాసుడు రాలే" అన్నాను.

ఆమె నమ్మలేదు. డాక్టరుగారు బయటికి వచ్చి, పెన్నుతో ఆ ఖాళీలో తెలుగులో పెద్ద అక్షరాలతో "కొంచెం తక్కువ" అని రాసి, పైకి చదివి వినిపించి, ఏ మాత్రలు వేసుకోవాలో, ఏ ఆకుకూరలు తినాలో చెప్పారు. అప్పుడు ఆమె ముఖం తేటపడింది. భర్త కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, నాకు కూడా దండం పెట్టి వెళ్ళాడు. ఆ దండం తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు.

మాదాపూర్ వెళ్ళే షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. కొత్తగూడ చౌరస్తాలో ఆటో ఆగినప్పుడు, నా ఆలోచన కూడా అక్కడే ఒక కొలిక్కి వచ్చింది. 11.9 ని 11.99 చేయడం పరిష్కారం కాదు. రేపు మూడంకెల యంత్రం వస్తుంది. మనం చెప్పాలనుకుంటున్నది పన్నెండు తగలకుండా దాని దాకా అని. ఆ మాట చెప్పడానికి మా భాషలో గుర్తే లేదు. లేని గుర్తును చేర్చాలి.

సార్ గదికి వెళ్ళి అదే చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, వద్దన్నారు.

"షరతు రాసుకోండమ్మా. పది కన్నా ఎక్కువ లేదా సమానం, మరియు పన్నెండు కన్నా తక్కువ. సరిపోతుంది కదా."

"సరిపోతుంది సార్. కానీ ఒక్కో లాబుకి ఎన్నో పరీక్షలుంటాయి. ప్రతిచోటా అంత పొడుగు షరతు రాస్తే ఎక్కడో ఒకచోట 'సమానం' మర్చిపోతాం. పైగా డాక్టరుగారు చదవలేరు."

"ప్రోగ్రాములో తప్పు రాస్తే రేపు దిద్దుకోవచ్చు. భాషలో ఒక గుర్తు పెట్టామంటే నలుగురూ దాన్ని వాడేస్తారు. తర్వాత అది తప్పని తెలిసినా తీయలేం. నేను ఈ భాషలో ఒక్కో గుర్తు పెట్టడానికి ఎంత ఆలోచించానో మీకు తెలియదండి."

ఆయన అండి అన్నారంటే మాట ముగిసినట్టే. కానీ నేను లేవలేదు. బెంచీ మీద కూర్చున్న ఆమె సంగతి చెప్పాను. ఖాళీగా ఉంటే పెద్ద రోగమని అనుకుందని చెప్పాను. సార్ పెన్సిల్ బల్ల మీద పెట్టారు.

"సరే. మూడు సంగతులు చూసుకుని రండి. పాత ప్రోగ్రాం ఒక్కటీ చెడకూడదు. కంప్యూటరుకి రెండర్థాలు రాకూడదు. డాక్టరుగారు చదివితే అర్థం కావాలి. ఈ మూడూ కుదిరితే అప్పుడు మాట్లాడుకుందాం."

నాకు అదే చాలు.

మొదట లెక్కల పుస్తకాల్లో ఉండే పద్ధతి పట్టుకున్నాను. కలుపుకోవాల్సిన చివర చదరపు బ్రాకెట్టు, వదిలేయాల్సిన చివర గుండ్రటి బ్రాకెట్టు. రాసి, మా ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే సహోద్యోగికి చూపించాను. సంగారెడ్డి మనిషి, నాకన్నా కొంచెం పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. తప్పు పట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

ఆయన తెరవైపు చూసి వెంటనే గుండ్రటి బ్రాకెట్టు కొట్టేసి చదరపుది పెట్టాడు.

"ఏందన్నా, ఎందుకు మార్చినవ్?"

"తెరిసింది ఒకటి, మూసింది ఇంకోటి. తప్పు కాదా?"

"అది తప్పు కాదు, కొత్త గుర్తు."

"నాకే తప్పు లెక్క కొడుతుంటే వేరేటోళ్ళకు ఎట్ల తెలుస్తది చెల్లె? సూసినోడల్లా దిద్దుకుంట పోతడు."

నిజమే. అది పక్కన పెట్టేశాను. తర్వాత మూడు చుక్కలు పెట్టి చూశాను. రెండు చుక్కలైతే వరకు, మూడైతే చివరిది వదిలేయడం. రాయడానికి భలే తేలిక. కానీ మా ప్రింటరు మీద అచ్చువేసి చూస్తే రెండు చుక్కలకీ మూడు చుక్కలకీ తేడా కనిపెట్టడానికి కాగితం కళ్ళకు ఆనించుకోవాల్సి వచ్చింది. రిబ్బను పాతబడితే అదీ లేదు. ఒక చుక్క అచ్చుకాకపోతే ఒక మనిషి రిపోర్టు మారిపోతుంది. అదీ పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు నాకేమీ తోచలేదు. బస్సులో, మెస్సులో, బట్టలు ఆరేస్తూ అదే ధ్యాస. వరంగల్ అమ్మాయి "నీకేమన్నా అయిందా" అని అడిగింది కూడా.

దారి దొరికింది మళ్ళీ లాబులోనే. ఒక శనివారం డాక్టరుగారు కొత్త పరీక్షల వివరాలు ఇస్తానంటే వెళ్ళాను. ఆవిడ నోటితో చెబుతుంటే నేను రాసుకుంటున్నాను.

"యాభై నుంచి డెబ్భై లోపు ఉంటే తక్కువ అని రాయి. డెబ్భై నుంచి నూట పది వరకు సరిపోయింది. నూట పది దాటి నూట పాతిక వరకు జాగ్రత్త అని రాయి."

నా పెన్ను ఆగిపోయింది. "డాక్టర్ గారూ, మొదటిదానికి లోపు అన్నారు, రెండోదానికి వరకు అన్నారు. కావాలనే అన్నారా?"

ఆవిడ నన్ను వింతగా చూశారు. "కావాలనడమేంటమ్మా. డెబ్భై లోపు అంటే డెబ్భై రాదు. నూట పది వరకు అంటే నూట పదీ వస్తుంది. దాటి అంటే అది దాటాలి. తెలుగే కదా."

తెలుగే. చిన్నప్పటి నుంచీ నేను మాట్లాడుతున్నదే. నుంచి, దాటి, వరకు, లోపు. మొదలుకి రెండు మాటలు, చివరకు రెండు మాటలు. మన నాలుక మీద నాలుగూ విడివిడిగా ఉన్నాయి. మా భాషకి వాటిలో రెండే తెలుసు. నేను ఎక్కడెక్కడో గుర్తుల కోసం వెతికాను గానీ, ముందు ఏ మాటలకు గుర్తులు కావాలో అడగలేదు.

లోపు అంటే తక్కువే కదా. బళ్ళో అందరూ నేర్చుకున్న లెస్ దేన్ గుర్తు ఉండనే ఉంది. దాన్ని చుక్కల పక్కన పెడితే చాలు. 10..<12 అంటే పది నుంచి పన్నెండు లోపు. 10<..12 అంటే పది దాటి పన్నెండు వరకు. 10<..<12 అంటే పది దాటి పన్నెండు లోపు. అక్కడే డాక్టరుగారి కాగితం వెనకవైపు రాసి ఆవిడ ముందు పెట్టాను, ఏమీ వివరించకుండా. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"పది నుంచి పన్నెండు కన్నా తక్కువ. ఇది పది కన్నా ఎక్కువ, పన్నెండు వరకు. ఇంతేనా? దీనికేంటి అంత మొహం వెలిగిపోతోంది?"

సార్ చెప్పిన మూడింటిలో ఒకటి అయింది.

కంప్యూటరుకి నేర్పడం అంత సులువు కాలేదు. అది ఎడమ నుంచి ఒక్కో గుర్తూ చదువుకుంటూ వస్తుంది. పది చూసి, దాని పక్కన లెస్ దేన్ గుర్తు కనబడగానే "ఓహో, పది దేనికన్నా తక్కువో చూడమంటున్నారు" అనుకుని పోలికకు సిద్ధమవుతుంది. తర్వాత చుక్కలు చూసి దిక్కుతోచక ఆగిపోతుంది. ఆ మూడు గుర్తుల్నీ కలిపి ఒకే మాటగా చదవమని దానికి నేర్పాను. లెస్ దేన్ కనబడితే తొందరపడకు, పక్కన చుక్కలున్నాయేమో తొంగి చూడు, ఉంటే అది పోలిక కాదు అని. మొదటిసారి 10<..12 ని తప్పు పట్టకుండా మింగినప్పుడు నేను కుర్చీలోంచి లేచి కారిడార్ చివర దాకా నడిచి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. సార్ ముందు నిలబడాలి కదా.

ఆయన గదిలో నల్లబల్ల ఉండేది. సుద్దముక్క తీసుకుని నా గుర్తులన్నీ రాసి, ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు.

"పన్నెండు నుంచి పన్నెండు లోపు. ఎవరున్నారు ఇందులో?"

"ఎవరూ లేరు సార్."

"అప్పుడు భాష ఏం చెయ్యాలి? తప్పని ఆగిపోవాలా?"

"వద్దు సార్. ఖాళీ గది తప్పు కాదు కదా. ఎవరూ లేరని చెప్పి ముందుకెళ్ళిపోవాలి."

తలూపారు. ఇంకొన్ని అడిగారు. అన్నిటికీ జవాబు ఉంది నా దగ్గర. చివరికి ఆయన 10..1 అని రాశారు. మా భాషలో అది పది నుంచి ఒకటి వరకు కిందకి దిగడం. రోగి పాత రిపోర్టుల్ని కొత్తదాని నుంచి వెనక్కి అచ్చువేయడానికి వాడేవాళ్ళం.

"ఇందులో ఒకటిని వదిలేయాలంటే ఎలా రాస్తారు?"

"10..<1" అని రాయబోయి ఆగిపోయాను. పైకి చదివితే పది నుంచి ఒకటి లోపు. ఒకటి లోపు అంటే సున్నా వైపు వెళ్ళిపోతాం. రాసేది ఒకటి, అర్థం అయ్యేది ఇంకొకటి. సార్ సుద్దముక్క నా చేతికిచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆయన తొందరపెట్టలేదు. వదిలేయమనీ అనలేదు.

బల్ల ముందు నిలబడి మెట్లు దిగుతున్నట్టు ఊహించుకున్నాను. పై మెట్టు పది. కింద మెట్టు ఒకటి. దాని మీద కాలు పెట్టకూడదు. అంటే దానికి పైనే ఆగాలి. ఒకటి కన్నా ఎక్కువ దగ్గర.

లెస్ దేన్ చెరిపేసి గుర్తును ఇటు తిప్పాను. 10..>1.

"దిగేటప్పుడు ఇది సార్. పది నుంచి దిగుతూ, ఒకటికి పైనే ఆగాలి. ఎక్కేటప్పుడు లెస్ దేన్, దిగేటప్పుడు గ్రేటర్ దేన్. గుర్తు ఒకవైపు, నడక ఇంకోవైపు ఉంటే భాష ఒప్పుకోకుండా అక్కడే చెప్పేయాలి, మీరు ఎక్కుతున్నారా దిగుతున్నారా అని."

సార్ లేచి బల్ల దగ్గరికి వచ్చి ఆ గుర్తును చాలాసేపు చూశారు.

"నేను దీనికి జవాబు లేదనుకున్నాను" అన్నారు. "పాత ప్రోగ్రాములు నడిపి చూడండి."

ఇక మిగిలింది అదొక్కటే. సంగారెడ్డి అన్న, నేను కూర్చుని, అప్పటివరకు కంపెనీ రాసిన ప్రోగ్రాములన్నీ పాత భాషలో ఒకసారి, కొత్త భాషలో ఒకసారి నడిపాం. రెండు రిపోర్టులూ అక్షరం అక్షరం ఒకేలా ఉండాలి. అన్నీ ఉన్నాయి. ఆఖర్లో ఒక పళ్ళ డాక్టరు రిపోర్టు దగ్గర అన్న ఆగాడు.

"చెల్లె, పువ్వు రాలిపోయింది."

"ఏం పువ్వు?"

చూపించాడు. ఆ పళ్ళ డాక్టరుకి రిపోర్టు పైన ముగ్గులా ఒక పువ్వు కావాలంటే, ఎవరో చుక్కలతోనూ లెస్ దేన్, గ్రేటర్ దేన్ గుర్తులతోనూ అందంగా అల్లి పెట్టారు. నా కొత్త భాష ఆ పువ్వును చూసి, ఎక్కడి నుంచి ఎక్కడి వరకో అంకెలు లేవేమని వెతుక్కుని, సగం రేకులు మింగేసింది. అచ్చువేయాల్సిన మాటల జోలికి భాష వెళ్ళకూడదు. కొటేషన్ గుర్తుల మధ్య ఏమున్నా తొంగి చూడొద్దని దానికి చెప్పడం నేను మర్చిపోయాను. భోజనం వేళకి ముందే సరిచేశాను. మళ్ళీ మొత్తం నడిపాం. పువ్వు రేకులతో సహా వచ్చింది.

"ఇగ ఫికర్ లేదు చెల్లె. నాకు తప్పు దొరుకుతలేదు" అన్నాడు అన్న. ఆయన నోటి నుంచి ఆ మాట అంతకుముందు ఎవరూ విని ఉండరు. పక్క కుర్చీల్లోవాళ్ళు తిరిగి చూశారు.

కొత్త భాష మొదట వెళ్ళింది కూకట్‌పల్లి లాబుకే. నేనే ఫ్లాపీ తీసుకెళ్ళి ఎక్కించాను. 10..<12, 12..15. డాక్టరుగారు పక్కనే నిలబడి, ముందు పన్నెండు పెట్టమన్నారు. "సరిపోయింది" అని ఒక్కటే మాట వచ్చింది. తర్వాత 11.95 పెట్టమన్నారు. "కొంచెం తక్కువ". ఆవిడ ఊరుకోలేదు. 11.99, 11.999, చుక్క తర్వాత తొమ్మిదులు పెంచుకుంటూ తెర నిండేదాకా కొట్టించారు. ప్రతిసారీ ఖాళీ లేకుండా, రెండు మాటలు రాకుండా, ఒక్కటే మాట. ఆవిడ నా వీపు తట్టి, లోపల్నుంచి జీడిపప్పు పాకం తెప్పించి, నేను తినేదాకా కదలనివ్వలేదు.

"ఇకనుంచి ఎవరూ సందులో పడరన్నమాట" అన్నారు.

"పడరండి" అన్నాను. ఆ మాట అంత నమ్మకంగా అనగలిగినందుకు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

మెల్లగా మిగతా లాబులన్నిటికీ అదే వెళ్ళింది. పొడుగాటి షరతులన్నీ ఏరి పారేసి, చుక్కలు పెట్టుకుంటూ వచ్చాం. ప్రోగ్రాములు సగానికి సగం చిన్నవైపోయాయి. ఆఫీసులో అందరి మాటల్లోకీ గుర్తులు వచ్చేశాయి. ఎవరైనా సెలవు అడిగితే "సోమవారం వరకా, లోపా" అని ఆటపట్టించేవారు.

ఆ తర్వాత వచ్చిందే పెద్ద పరీక్ష. చాలా ఊళ్ళలో శాఖలున్న ఒక ఆస్పత్రివాళ్ళు ప్రోగ్రాముల కోసం కంపెనీల్ని చూస్తున్నారు. వాళ్ళు కూర్చున్నది ఆ గుండ్రటి భవనంలో. మేం రోజూ కిటికీలోంచి చూడటమే గానీ లోపల అడుగుపెట్టింది అదే మొదలు. చల్లటి గాలి, మెరిసే నేల, నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. సార్, అన్న, నేను వెళ్ళాం. మాకన్నా ముందు పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళు కోట్లు వేసుకుని వచ్చి చూపించి వెళ్ళారు.

వాళ్ళ కంప్యూటర్ల విభాగం పెద్దాయన మా ప్రదర్శన సగంలో ఆపి అడిగారు. "సరిహద్దు మీద పడిన విలువకి ఏం చేస్తారు? పొద్దున్నించి అందర్నీ ఇదే అడుగుతున్నాను. కొందరు షరతులు చూపిస్తున్నారు, కొందరు పాయింట్ తొమ్మిది అంటున్నారు."

సార్ జవాబు చెప్పడానికి లేచారు. లేచి, నా వైపు తిరిగి, "మీరు చెప్పండమ్మా" అని కూర్చున్నారు.

బోర్డు దగ్గరికి వెళ్ళాను. నాలుగు మాటలూ తెలుగులో రాశాను, నుంచి, దాటి, వరకు, లోపు. వాటి పక్కన గుర్తులు రాశాను. ఎక్కడం ఒకవైపు, దిగడం ఇంకోవైపు. మాట తడబడలేదు. ఆ బల్ల చుట్టూ కూర్చున్న డాక్టర్లలో ఒకాయన నేను చెప్పకముందే తర్వాతి వరుస పైకి చదివేశారు. ఇంకొకాయన లేచి వచ్చి, నా చేతిలో పెన్ను తీసుకుని తమ ఆస్పత్రి షుగర్ పరీక్ష గుంపుల్ని ఆ గుర్తులతో తానే రాశారు. ఒక్క తప్పు లేదు. కంప్యూటర్ల పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి సార్‌ని అడిగారు.

"బాగుందండి. ఇది ఎప్పుడు చేర్చారు మీ భాషలో?"

"నేను చేర్చలేదండి. నేను వద్దన్నాను. ఈ అమ్మాయి చేర్చింది" అన్నారు సార్.

గదిలో అందరూ నా వైపు చూశారు. నాకు ఎటు చూడాలో తెలియక బోర్డు వైపు తిరిగి, తుడవాల్సిన అవసరం లేని గీతనొకదాన్ని తుడిచాను.

మేం మెట్లు దిగుతుండగానే వాళ్ళ మనిషి వెనకాలే వచ్చి, పని మాకే ఇస్తున్నామని చెప్పి వెళ్ళాడు. సార్ జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. అన్న రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఆపాడు.

"కొత్తగూడ పోదాం సార్. ఆడ మిర్చి బజ్జీ మంచిగ చేస్తడు. ఇయ్యాల నేను తినిపిస్త."

సార్ ఆఫీసు వేళల్లో టీ తాగడానికి కూడా బయటికి వెళ్ళే మనిషి కాదు. ఆ రోజు ముందుగా ఆటో ఎక్కి మాకోసం పక్కకు జరిగారు. చౌరస్తాలో బండి ముందు ముగ్గురం నిలబడి, కారానికి కళ్ళ నీళ్ళు కారుతుంటే నవ్వుకుంటూ తిన్నాం. సార్ రెండో ప్లేటు అడిగారు.